పడవ ట్రైలర్ లైట్లు: బల్బులు కాదు, గ్రౌండ్ చూడండి

హెడ్‌లైట్లు ఆపి ఉన్నప్పుడు ఇండికేటర్లు బాగానే పనిచేస్తున్నాయని, హెడ్‌లైట్లు వేయగానే ట్రైలర్ వెనుక దీపాలన్నీ మసకబారి కలిసి మిణుకుమంటున్నాయని రాశారు. బల్బులు మార్చి లాభం లేదండీ, ఇది గ్రౌండ్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) లోపమే. వెనక్కి పోయే దారి సరిగ్గా లేని కరెంటు పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటోంది.

ముందుగా కారు బ్యాటరీ నెగటివ్ నుంచి పొడవాటి వైరు తెచ్చి దీపం గ్రౌండ్ వైరుకు తగిలించండి. వెలుగు నిండుగా వస్తే రోగం దొరికినట్లే.

అమెరికాలో వాడే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో తెలుపు గ్రౌండ్; గోధుమరంగు టెయిల్ దీపాలకు, పసుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి. చాలా ట్రైలర్లలో తెలుపు వైరును ముందుభాగంలోనే చట్రానికి బిగించి వదిలేస్తారు. వెనుక దీపాలు తమ బోల్టుల ద్వారా ఆ చట్రాన్నే నమ్ముకుంటాయి. మాటిమాటికీ నీళ్లలో మునిగే బండికి ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు లేదు! తుప్పు, పెయింటు, మడతపడే ట్రైలర్ అయితే ఆ కీలు, అన్నీ అడ్డమే. ట్రైలర్‌ను కారుకు తగిలించే హిచ్ బంతి మీద గ్రౌండ్ కోసం ఆధారపడటం మరీ అన్యాయం.

కాబట్టి ప్రతి దీపానికీ విడిగా గ్రౌండ్ వైరు లాగి, కనెక్టర్‌లోని తెలుపు వైరుతో కలపండి. తగరం పూత ఉన్న రాగి వైరు, లోపల జిగురు ఉండే హీట్‌ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే) కనెక్టర్లు వాడండి. మామూలు టేపు చుట్టిన అతుకులో నీరు చేరి రాగి పచ్చబడుతుంది.

పడవను నీళ్లలోకి దింపే ముందు ట్రైలర్ లైట్ల ప్లగ్గును కారు నుంచి తీసేయడం అలవాటు చేసుకోండి. వేడెక్కిన బల్బు చన్నీళ్లు తగిలితే పగిలిపోవచ్చు.