మాస్ స్పెక్ రిపోర్టులో యుబిక్విటిన్ అని వచ్చింది, నమ్మొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జెల్ నుంచి కోసిన ప్రోటీన్ బ్యాండును మాస్ స్పెక్ (ప్రోటీన్ ముక్కల బరువు తూచే మెషీన్) సెంటరుకు పంపితే ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. ఒకే ప్రోటీన్ మీద ఫాస్ఫరైలేషన్, ఎసిటైలేషన్, డీఅమిడేషన్, ఆక్సిడేషన్ అనే రసాయన మార్పులు, వాటికి తోడు రెండు లైసీన్ల (ఒక రకం అమైనో ఆమ్లం) మీద యుబిక్విటిన్ (కణం వేరే ప్రోటీన్లకు తగిలించే చిన్న ప్రోటీన్). గైడ్ ఆ యుబిక్విటిన్‌తో ఫిగర్ చేసేయమంటున్నారు, మీకేమో ఎక్కడో తేడా కొడుతోంది. అలా తేడా కొట్టడం మంచిదే. నేను హైదరాబాద్ శివార్లలో ఒక బయోసిమిలర్ (ఇప్పటికే ఉన్న బయోలాజిక్ మందుకు సాటిగా చేసే మందు) ల్యాబ్‌లో యాంటీబాడీల మీద ఇదే పని చేస్తుంటాను. మా దగ్గర ప్రతి మార్పుకీ "ఇది మందులో ఉందా, మన ట్యూబులో పుట్టిందా" అని నిలదీస్తారు. ఆ అలవాటుతోనే మీకూ చెబుతున్నాను.

మెషీన్‌కి యుబిక్విటిన్ అంటే ఏంటో తెలియదు. ఈ పెప్టైడ్ (ప్రోటీన్‌ను కోస్తే వచ్చే ముక్క) ఉండాల్సినదానికంటే 114.0429 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే యూనిట్) బరువెక్కింది, అంతవరకే దానికి తెలుసు. ఆ బరువుకు పేరు పెట్టేది సాఫ్ట్‌వేర్. అదీ సెర్చ్ పెట్టినవాళ్లు ముందుగా టిక్ చేసిన లిస్టులోంచే పెడుతుంది. లిస్టులో లేని కారణం దానికి తట్టదు.

ఇప్పుడు ఆ 114 సంగతి చూద్దాం. యుబిక్విటిన్ అంటుకున్న ప్రోటీన్‌ను ట్రిప్సిన్‌తో (లైసీన్, ఆర్జినీన్ తర్వాత కోసే ఎంజైమ్) కోస్తే, యుబిక్విటిన్ తోకలోని రెండు గ్లైసీన్లు మాత్రం లైసీన్ మీద మిగిలిపోతాయి. వాటి బరువే 114.0429. మరోవైపు, సిస్టీన్లను మూసేయడానికి అందరూ వాడే అయోడోఎసిటమైడ్ ఉంది కదా, అది ఒకసారి అంటుకుంటే 57.0215 పెరుగుతుంది. మోతాదు ఎక్కువైనా, వేడి తగిలినా సిస్టీన్‌తో ఆగదు, లైసీన్ మీద పడుతుంది. ఒక్కోసారి ఒకే లైసీన్ మీద రెండుసార్లు అంటుకుంటుంది. రెండు 57లు కలిపితే సరిగ్గా 114.0429. దగ్గరదగ్గరగా అని కాదు, పరమాణువులతో సహా అవే: 4 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 2 ఆక్సిజన్లు. కాబట్టి ఎన్ని కోట్ల మెషీన్ తెచ్చినా ఈ రెండింటినీ బరువుతో విడదీయలేదు. ఈ గొడవ 2008లోనే పత్రికల్లోకి ఎక్కింది. అప్పటినుంచి యుబిక్విటిన్ కోసం వెతికేవాళ్లు చాలామంది లైసీన్ మీద ఇలా అంటుకోని క్లోరోఎసిటమైడ్‌కి మారిపోయారు. కానీ మామూలు ఐడెంటిఫికేషన్ కోసం చేసే ఇన్-జెల్ ప్రోటోకాల్స్‌లో (జెల్ ముక్కలోనే ప్రోటీన్‌ను కోసే పద్ధతులు) ఇప్పటికీ అయోడోఎసిటమైడే ఎక్కువ. మీ సెంటర్ ఏది వాడిందో ముందు కనుక్కోండి.

మళ్లీ రన్ చేయకుండానే తేల్చుకోగలిగేవి రెండున్నాయి. మొదటిది, షీటులో ఆ లైసీన్ పెప్టైడ్ మధ్యలో ఉందా, చివర ఉందా చూడండి. యుబిక్విటిన్ తోక ఉన్న లైసీన్ దగ్గర ట్రిప్సిన్ మామూలుగా కోయలేదు. కాబట్టి నిజమైనదైతే ఆ లైసీన్ పెప్టైడ్ మధ్యలోనే ఉండాలి, మిస్డ్ క్లీవేజ్ (కోయకుండా వదిలేసిన చోటు) అని కనబడాలి. మార్పు ఉందని చెప్పిన లైసీన్ చిట్టచివర ఉంటే (అది ప్రోటీన్ చివరే అయితే తప్ప) ఆ వరుసను కొట్టేయండి. రెండోది ఇంకా తేలిక: మీరు బ్యాండు ఎక్కడ కోశారు? యుబిక్విటిన్ ఒక్కటి అంటుకున్నా దాదాపు 8.5 కిలోడాల్టన్లు పెరుగుతుంది, బ్యాండు పైకి జరుగుతుంది. మామూలు ప్రోటీన్ సైజు దగ్గరే కోసి యుబిక్విటిన్ దొరికిందంటే రివ్యూయర్ మొదట అడిగేది అదే. పైగా నెడ్8, ఐఎస్‌జీ15 అనే ప్రోటీన్లు అంటుకున్నా ట్రిప్సిన్ తర్వాత ఇవే రెండు గ్లైసీన్లు మిగులుతాయి. అంటే అన్ని పరీక్షలూ నెగ్గినా "యుబిక్విటిన్ లాంటిది" అనడం వరకే సేఫ్.

డీఅమిడేషన్ (యాస్పరజీన్ అనే అమైనో ఆమ్లం తన అమైడ్‌ను పోగొట్టుకోవడం) గురించి మాత్రం నేను రోజూ చూసేదే చెబుతాను. యాంటీబాడీ ఎఫ్‌సీ (తోక) భాగంలో ఒక పెప్టైడ్ ఉంది, చివర పీ-ఈ-ఎన్-ఎన్-వై-కే (అమైనో ఆమ్లాల ఒక్కక్షరం పేర్లు) అని వస్తుంది కాబట్టి ల్యాబుల్లో దాన్ని 'పెన్నీ పెప్టైడ్' అంటారు. అందులో మూడు యాస్పరజీన్లు, వాటిలో ఒకదాని పక్కనే గ్లైసీన్. యాస్పరజీన్ పక్కన గ్లైసీన్ ఉంటే అమైడ్ పోవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. పీహెచ్ 8 దగ్గర, 37 డిగ్రీల్లో రాత్రంతా డైజెషన్ (ట్రిప్సిన్‌తో కోయడం) పెట్టి పొద్దున రన్ చేస్తే, అసలు పీక్‌కు అటూ ఇటూ చిన్న పీకులు తేలుతాయి. ఒకటి యాస్పార్టేట్, ఒకటి ఐసోయాస్పార్టేట్. బరువు రెండింటికీ ఒకటే, కాలమ్ (మెషీన్‌కి ముందు పెప్టైడ్లను వేరుచేసే గొట్టం) నుంచి బయటికొచ్చే సమయమే వేరు. ఇందులో మందులో ముందునుంచే ఉన్నదెంత, మనం రాత్రి వండినదెంత అని తేల్చాలంటే, అదే శాంపిల్‌ను తక్కువసేపు, మధ్యస్థంగా, రాత్రంతా డైజెస్ట్ చేసి గ్రాఫ్ గీస్తాం. గీత సమయంతో పాటు పైకి లేస్తుంటే మన పుణ్యమే. దాన్ని వెనక్కి పొడిగించి సున్నా గంటల దగ్గర ఎంత వస్తుందో చూస్తే అసలుదెంతో అందుతుంది. పీహెచ్ 6 దగ్గర డైజెస్ట్ చేసినా ఈ బెడద బాగా తగ్గుతుంది.

డీఅమిడేషన్‌లో ఇంకో మోసం ఉంది. అది పెంచే బరువు 0.9840. ఏ పెప్టైడ్‌లోనైనా సహజంగా ఉండే కార్బన్-13 ఐసోటోప్ పీక్ 1.0034 దూరంలో ఉంటుంది. తేడా 0.0194 మాత్రమే, 1600 డాల్టన్ల పెప్టైడ్‌కి లెక్కేస్తే 12 పీపీఎం (పది లక్షల్లో 12 వంతులు). సెర్చ్‌లో టాలరెన్స్ (ఎంత తేడా వరకు సరిపెట్టుకోవాలో) 20 పీపీఎం ఇచ్చి ఉంటే సాఫ్ట్‌వేర్ ఐసోటోప్‌ను పట్టుకుని డీఅమిడేషన్ అనేస్తుంది. కనిపెట్టడం ఎలాగంటే, మార్పు ఉన్నదీ లేనిదీ క్షణం తేడా లేకుండా ఒకేసారి కాలమ్ నుంచి వస్తుంటే అనుమానించండి.

ఈ సమయం చూసే అలవాటు ఆక్సిడేషన్‌కీ పనికొస్తుంది. యాంటీబాడీలో డీ-టీ-ఎల్-ఎం-ఐ-ఎస్-ఆర్ అనే పెప్టైడ్ రెండు విద్యుత్ చార్జీలతో 418.22 దగ్గర కనిపిస్తుంది (మెషీన్ చూపేది బరువును చార్జీల సంఖ్యతో భాగించిన విలువ), అందులోని మెథియోనీన్ ఆక్సీకరణం చెందితే 426.22కి జరుగుతుంది. ఆక్సిడైజ్ అయినది కాలమ్ నుంచి ముందే వచ్చేస్తే, కాలమ్ ఎక్కకముందే ఆ మార్పు జరిగిందని అర్థం. రెండూ ఒకేసారి వస్తే స్ప్రేలో (పెప్టైడ్లు కాలమ్ దాటి మెషీన్‌లోకి వెళ్లే చోట) జరిగినదే. అయితే "ముందే" అంటే కణంలోనే అని కాదు. జెల్ మీదా అవుతుంది, ఏసీ మొరాయించిన మే నెలలో ఆటోసాంప్లర్ ట్రేలోనూ అవుతుంది. జెల్ శాంపిల్‌లో మెథియోనీన్ ఆక్సిడేషన్‌ను నేనైతే అసలు పట్టించుకోను.

ఎసిటైలేషన్ పెంచే బరువు 42.0106, దానిలాగే కనిపించే ట్రైమిథైలేషన్ పెంచేది 42.0470. మీ రన్ ఆర్బిట్రాప్ లాంటి హై రిజల్యూషన్ మెషీన్ మీద జరిగి ఉంటే ఈ రెండూ తేలిగ్గానే విడిపోతాయి. స్పెక్ట్రమ్‌లో 126.0913 దగ్గర పీక్ ఉంటే ఎసిటైల్ లైసీన్‌కి మంచి సాక్ష్యం. యుబిక్విటిన్‌కి చెప్పిన 'లైసీన్ చివర ఉండకూడదు' నియమం దీనికీ వర్తిస్తుంది. శాంపిల్‌లో యూరియా వాడి వేడి చేసి ఉంటే 43.0058 పెరిగే కార్బమైలేషన్‌ను కూడా సెర్చ్‌లో పెట్టమని అడగండి, లేకపోతే అది వేరే పేరుతో దూరుతుంది.

నిజంగా పనికొచ్చేది దొరికితే అది మీ ఫాస్ఫరైలేషనే కావచ్చు. 79.9663 పెరగడంతో పాటు, సీరీన్ లేదా థ్రియోనీన్ మీదైతే ముక్కలు చేసినప్పుడు 98 డాల్టన్ల ఫాస్ఫారిక్ ఆమ్లం ఊడిపోవడం కనిపించాలి. సల్ఫేషన్ బరువు 79.9568, చాలా దగ్గర. కానీ అది గాల్జీ అనే కణభాగంలో టైరోసీన్ల మీద జరిగే పని, కాబట్టి మీ ప్రోటీన్ సైటోప్లాజంలో ఉండేదైతే ఆ టెన్షన్ అక్కర్లేదు. అసలు చిక్కు ఎక్కడంటే, ఏ సీరీన్ మీద అన్నది. పక్కపక్కనే సీరీన్, థ్రియోనీన్ ఉంటే, ఆ రెండింటి మధ్య తెగిన ముక్క స్పెక్ట్రమ్‌లో కనబడితేనే ఫలానాది అని చెప్పగలం. షీటులో లోకలైజేషన్ ప్రాబబిలిటీ (మార్పు ఆ చోటే ఉందనే సంభావ్యత) అనే నిలువు వరుస ఉంటుంది. చాలామంది 0.75 దాటితే చాలంటారు. పేపర్లో మ్యూటేషన్ చేయబోయే సైట్ అయితే నేను 0.99కి తక్కువ ఒప్పుకోను, ఆపైన స్పెక్ట్రమ్ కూడా కళ్లతో చూస్తాను.

షీటులో లేనంత మాత్రాన ప్రోటీన్ మీద ఆ మార్పు లేదని కూడా అనుకోవద్దు. కణాలను పగలగొట్టేటప్పుడు ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు (ఫాస్ఫేట్లను ఊడదీసే ఎంజైములను ఆపేవి) వేయకపోతే ఫాస్ఫేట్లు ఎక్కువభాగం అక్కడే పోతాయి, టైటానియం డయాక్సైడ్ లాంటి దానితో వడగట్టకపోతే మిగిలినవీ మామూలు పెప్టైడ్ల గుంపులో కనబడవు.

గైడ్‌తో వాదన పెట్టుకునే ముందు సెంటర్‌ను రా ఫైల్, వాడిన ప్రోటోకాల్, సెర్చ్ సెట్టింగులు అడగండి. ఇవ్వడానికి మామూలుగా ఎవరూ కాదనరు. స్కైలైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఆ రెండు లైసీన్ పెప్టైడ్లను అందులో తెరిచి చూడొచ్చు. బ్యాండు ఇంకొంచెం మిగిలి ఉంటే సగం అయోడోఎసిటమైడ్‌తో, సగం క్లోరోఎసిటమైడ్‌తో చేయించండి. రెండోదాంట్లో 114 మాయమైతే గైడ్‌కి ఆ రెండు క్రోమాటోగ్రాములు (కాలమ్ నుంచి వచ్చిన పీకుల గ్రాఫులు) పక్కపక్కన పెట్టి చూపించండి, మీరు మాట్లాడాల్సిన పని ఉండదు. ఈలోగా ఆ రెండు పెప్టైడ్ల సీక్వెన్సులు ఇక్కడ పెడితే లైసీన్ ఎక్కడుందో నేనూ చూస్తాను.