సమాధానం: కుండీ కింద దొరికింది జలగ కాదండీ

కుండీ ఎత్తితే నల్లగా, చదునుగా ఏదో అంటుకుని ఉంది, జలగా లేక గుల్ల ఊడిన నత్తా అని అడిగారు. రెండూ కాదు. జలగకు కొమ్ములుండవు, మీ ఫొటోలో ముందు రెండు పొట్టి కొమ్ములున్నాయి, వాటి చివరలే కళ్లు. ఇక నత్త గుల్ల ఒంటికి అతుక్కునే ఉంటుంది, ఊడితే బతకదు.

ఇది స్లగ్, అంటే బయటికి గుల్ల లేని నత్తజాతి జీవి. గుల్ల పోగొట్టుకోవడం నత్తల వంశాల్లో విడివిడిగా చాలాసార్లు జరిగింది, అందుకే స్లగ్‌లన్నీ ఒకే కుటుంబం కావు. యూరప్ తోటల్లోని లైమాసిడే కుటుంబపు స్లగ్‌లకు తల వెనక జీనులాంటి మడత, కుడిపక్క ఊపిరి రంధ్రం కనిపిస్తాయి. మీదానికి ఆ మడత లేదు, వీపంతా ఒకే తోలు, నడుమ లేత గీత. తిప్పి చూడండి: పాదం సన్నటి పట్టీలా ఉంటుంది. అంటే ఇది వెరోనిసెల్లిడే కుటుంబం, అందులో నా లెక్కన లెవికాలిస్ ఆల్టే అనే జాతి.

ఉప్పు చల్లకండి, మొక్క చస్తుంది. రాత్రి టార్చి వేసి గ్లౌజులతో ఏరేయండి. మెదడువాపు తెచ్చే ‘ఎలుక ఊపిరితిత్తుల పురుగు’ అనే పరాన్నజీవి వీటిలో ఉండొచ్చు, కాబట్టి ఆ కుండీల కొత్తిమీర పచ్చిగా తినొద్దు.