వేడెక్కినా నెమ్మదించని ఇంజను

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ షెడ్డుకు వచ్చిన కేబుల్ యాక్సిలరేటర్ పెట్రోలు బండి వేడెక్కాక కూడా 1,600 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే ఉంటోందనీ, థ్రాటిల్ స్క్రూ తిప్పి తగ్గించవచ్చా అనీ అడిగావు. ఆ స్క్రూ జోలికి వెళ్లవద్దు. ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ పలక దాని బాడీకి ఒరుసుకుని పట్టేయకుండా ఆపడానికి ఉన్నదే తప్ప, అది ఐడిలింగ్ (పెడల్ నొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) సరిచేసే స్క్రూ కాదు.

ముందు ఫిర్యాదు నిజమో కాదో తేల్చుకో. పొద్దున్నే స్టార్ట్ చేసిన చల్లని ఇంజను 1,200 నుంచి 1,500 దాకా తిరగడం రోగం కాదు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక, ఏసీ, లైట్లు కట్టేసి చూస్తే సాధారణంగా 700-850 మధ్య ఉండాలి. ఇంజను ఇంకా చల్లగానే ఉందని బండిలోని కంప్యూటర్ పొరబడి వేగం పెంచుతూ ఉండవచ్చు కనుక, స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత కూడా చూడు. రాత్రంతా ఆగిన బండిలో అది బయటి గాలితో దాదాపు సమానంగా ఉండి, నడిచాక 80 డిగ్రీలు దాటాలి. దాటకపోతే కూలెంట్ మట్టం, థర్మోస్టాట్ (రేడియేటర్‌కు కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్), సెన్సర్ వరుసగా చూడు. కేబుల్‌కు కాస్త వదులు ఉందో లేదో, కాలికింద మ్యాట్ పెడల్‌ను నొక్కుతోందేమో కూడా చూడు. నవ్వకు, ఒట్టి మ్యాట్ తీసి పంపిన బండ్లు నా అనుభవంలో చాలా ఉన్నాయి.

ఇవన్నీ సరిగా ఉంటే, ఎక్కువైన గాలి ఎటునుంచి దూరుతోందో కనిపెట్టడమే మిగిలిన పని. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, షెడ్డు తలుపులు బార్లా తెరిచిన తరువాత, గాలి పైపు విప్పి, ఇంజను తిరుగుతుండగా థ్రాటిల్ బాడీ మూతిని మందపాటి రబ్బరు ముక్కతో మూయి. అరచేయి పెట్టవద్దు, లాగుడు గట్టిగా ఉంటుంది. ఇంజను వెంటనే ఆగిపోతే గాలి థ్రాటిల్ గుండానే వస్తోందని అర్థం. అప్పుడు పలక అంచున పేరుకున్న మసినీ, పెడల్ వదిలినప్పుడు గాలిని అందించే ఐడిల్ వాల్వ్‌నూ శుభ్రం చేసి, ఆ బండి మాన్యువల్ ప్రకారం కంప్యూటర్‌కు మళ్లీ ఐడిల్ నేర్పించాలి. మూసినా ఇంజను తిరుగుతూనే ఉంటే, గాలి పలకను దాటిన తరువాత ఎక్కడో దొంగదారిన దూరుతోంది.

ఆ దొంగదారిని బ్రేక్‌కు బలమిచ్చే బూస్టర్ పైపు, ఇంజను అడుగు భాగం (క్రాంక్‌కేసు) నుంచి ఆవిర్లు లాగే గాలి పైపు, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర వెతుకు. ఒక్కో పైపునూ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కిపట్టు. దేన్ని నొక్కితే వేగం పడిపోతుందో ఆ దారిలోనే లీకు ఉంది. ప్యాకింగ్ చుట్టూ సబ్బునీళ్లు చల్లి, ఎక్కడ లోపలికి పీల్చుకుంటుందో చూడు. వేడి ఇంజను మీద కార్బొరేటర్ క్లీనర్ కొట్టే అలవాటు మనవాళ్లలో ఉంది, నిప్పంటుకుంటుంది, నువ్వు చేయవద్దు.

ఒకప్పుడు నేను ఒక బండికి కొత్త ఐడిల్ వాల్వ్ వేసి డబ్బు తీసుకున్నాను. మరునాడే అది అదే ఫిర్యాదుతో తిరిగి వచ్చింది. క్రాంక్‌కేసు పైపును వంచి చూస్తే, కింది వైపు వంపులో గోరంత పగులు, చుట్టూ నూనె తడి. పైనుంచి చూస్తే పైపు కొత్తదానిలా ఉంది. వాల్వ్ డబ్బు వెనక్కి ఇచ్చాను.

మూతి మూసినప్పుడు ఇంజను ఆగిందో లేదో ఫోను చేసి చెప్పు, తరువాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

నీ మేనమామ