క్వారీ ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేముందు

చిరంజీవి రమణకు ఆశీస్సులు.

చీమకుర్తి పక్కన మీ ఊరి పొలిమేరలో కొత్త క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారని, ఊరంతా కదిలి వెళ్లి అడ్డుకుంటామని రాశావు. తప్పకుండా వెళ్లండి. కానీ ఎంత గట్టిగా అరిచినా మినిట్సులో (సభ జరిగిన తీరు రాసే రికార్డులో) అది "కొందరు వ్యతిరేకించారు" అన్న ఒక్క ముక్కే అవుతుంది. కంపెనీ తయారుచేసే పర్యావరణ ప్రభావ నివేదికలో ఫలానా పేజీ, ఫలానా పట్టిక తప్పు అని రాసిచ్చావనుకో, దానికి కంపెనీ జవాబు చెప్పి, తుది నివేదికలో సరిదిద్దుకోవాలి. అందుకని ఈ నెల రోజులూ రాతపని మీద పెట్టు.

2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషనే మీకు ఆధారం. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. ఆ పత్రికలు దాచిపెట్టు. గడువు తగ్గితే అదే మీ మొదటి అభ్యంతరం. ముసాయిదా నివేదిక కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీ ఆఫీసులో చూడనివ్వాలి. తెలుగు సారాంశం చదివి ఊరుకోవద్దు. తప్పులు దొరికేది ఇంగ్లీషు నివేదిక వెనకుండే పట్టికల్లోనే. సైన్సు చదివిన పిల్లలు ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లు.

ముందు లీజు విస్తీర్ణం చూడు. ఒక క్వారీ 5 హెక్టార్ల లోపే అయినా, 500 మీటర్ల దూరంలోపు ఉన్న పక్క లీజులతో కలిపి క్లస్టర్‌గా, అంటే ఒకే గుంపుగా, లెక్కగట్టాలని 2016 జనవరి సవరణ చెబుతోంది. మీ వైపు క్వారీలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి గనుక ఈ లెక్క చాలా ముఖ్యం. చుట్టుపక్కల ఎన్ని లీజులున్నాయో నివేదికలో ఉన్న జాబితాను మీ కళ్లతో చూసినదానితో పోల్చు. తప్పిపోయిన ప్రతి క్వారీనీ సర్వే నంబరుతో రాయి.

ఇక గాలి పట్టిక. ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. 2009 నాటి మన జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 10 దుమ్ము (10 మైక్రాన్ల లోపు రేణువులు) 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 60 దాటకూడదు. ఇంకా సన్నదైన పీఎం 2.5కైతే 60, 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాదికి పీఎం 10 విషయంలో 15, పీఎం 2.5 విషయంలో 5 చాలని చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన కొత్త ఆదేశం 2030 నుంచి అవే 20, 10 అంటోంది. మీ అర్జీలో "యూరప్‌లో 20, మీది 80" అని రాస్తే, "మా లెక్క జాతీయ పరిమితి 100 లోపే" అని ఒక్క వాక్యంతో తీసిపారేస్తారు. పైగా అది ఏడాది సగటుతో 24 గంటల సగటును పోల్చడం. కట్టుబడాల్సిన పరిమితి మన దేశానిదే. బయటి అంకెలు ఆరోగ్యం గురించి రాసే పేరాలో పెట్టు, ఉల్లంఘన గురించి రాసే పేరాలో కాదు.

నువ్వు అడగాల్సినవి వేరే ఉన్నాయి. దుమ్ము కొలిచే యంత్రాలు ఎక్కడ పెట్టారు? గాలి క్వారీ మీంచి మీ ఊరివైపు వీచే రోజుల్లో కొలిచారా, లేక యంత్రాన్ని గాలికి ఎదురు దిక్కున పెట్టి తక్కువ చూపించారా? నివేదికలో గాలి దిశ పటం ఉంటుంది, దాన్ని యంత్రాల పటం పక్కన పెడితే తెలిసిపోతుంది. కొత్త క్వారీ వల్ల పెరిగే దుమ్ముతో పాటు పక్క క్వారీల దుమ్మూ, లోడు లారీలు మట్టిరోడ్డు మీద లేపే దుమ్మూ కలిపారా? బడి, అంగన్‌వాడీ, చెరువు పటంలో ఉన్నాయా? రామతీర్థం జలాశయం దూరం సరిగా వేశారా?

వైరు సా (రాయి కోసే తీగ రంపం) కోతకు నీళ్లు పోస్తారు కదా, ఆ బురద ఎక్కడికి పోతుందో విడిగా అడుగు. తడిగా ఉన్నప్పుడు బూడిదరంగు ముద్దలా కదలకుండా ఉంటుంది. ఎండితే పిండిలా పగిలి గాలికి లేస్తుంది. గుంట కొలతలెంత, అడుగున ఏం పరుస్తారు, ఎండినదాన్ని ఎక్కడికి తరలిస్తారు అన్నవి రాసి ఉండాలి. పనికిరాని రాళ్ల దిబ్బ ఎత్తెంత, వాన నీళ్లు ఎటు జారుతాయి అన్నదీ అంతే. ఒక హెచ్చరిక: వేరే జిల్లా అర్జీల్లోంచి సిలికా దుమ్ము పేరా దించుకురావొద్దు. మీ గెలాక్సీ రాయి (నల్ల గ్రానైటు) గాబ్రో జాతిది, సిలికా ఖనిజమైన క్వార్ట్జ్ బాగా తక్కువ. రాయి, దుమ్ము విశ్లేషణ ఇవ్వమని మాత్రం అడుగు.

ఆర్హస్ ఒప్పందం గురించి అడిగావు. సమాచారం, పాల్గొనే హక్కు, కోర్టుకెళ్లే హక్కు ఇచ్చే మంచి ఒప్పందం, 1998 నాటిది. కానీ భారత్ అందులో లేదు. దాన్ని చట్టంగా ఉదహరించకు. దాని బదులు, 1972 స్టాక్‌హోమ్, 1992 రియో పర్యావరణ సదస్సుల నిర్ణయాలను మన 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే న్యాయస్థానం) చట్టం పీఠికలోనే చెప్పారు, 20వ సెక్షన్లో ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఉన్నాయి. అవి రాయి.

సేకరణ రోజుకు అర్జీకి రెండు ప్రతులు చెయ్యి. ఒకటి ఒంగోలులోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ముందే ఇచ్చి, రెండోదాని మీద తారీఖుతో ముద్ర వేయించుకో. సభలో ఒక్కొక్కరు ఒక్కో అంశమే మాట్లాడండి. అంతా వీడియో తీయాలి, చివర్లో మినిట్సు తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదివేదాకా ఎవరూ కదలొద్దు. మీ మాట తప్పిపోతే అక్కడికక్కడే చేర్చమనండి.

అనుమతి వస్తే నిరాశపడి కూర్చోవద్దు. ఉత్తర్వు తెలిసిన నాటినుంచి 30 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనంలో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, 91వ రోజున తలుపు మూసుకుంటుంది. పర్యావరణ అనుమతుల వివరాలుండే కేంద్రప్రభుత్వ పరివేష్ వెబ్‌సైటును వారానికొకసారి చూస్తుండు.

ముసాయిదా చేతికి రాగానే గాలి పట్టిక, యంత్రాల పటం ఉన్న పేజీల ఫోటోలు నాకు పంపు. అర్జీ మొదటి ప్రతి కలిసి దిద్దుదాం.

మీ పెదనాన్న