తోటలో కత్తి పెట్టే ముందు

అమ్మా,

సంక్రాంతికి వచ్చి, పండగ వెళ్లాక నాలుగు రోజులుండి జీడి తోట బాగు చేయిస్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసిన తర్వాత ఆ తోట వంక చూసినవాళ్లు లేరు. పడిన చెట్లు పడినట్టే ఉన్నాయి. వాటి మీద లాంటానా కంప మనిషెత్తు దాటింది. ఇంతమంది మగాళ్లం వదిలేసిన పని నువ్వు తలకెత్తుకున్నావంటే ఎంత గర్వంగా ఉందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చేతులకు గ్లౌజులు, కాళ్లకు గంబూట్లు వేసుకో. ఎండుటాకుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించు, రక్తపింజర ఉంటుంది. కంపను పైపైన నరికిస్తే వానలకు రెట్టింపు చిగురేస్తుంది. కంప మొదలు దగ్గర మట్టి తీసి, రెండంగుళాల లోతున వేరు తెగ్గొట్టించి, మొక్కను తలకిందులుగా పడేయించు. జీడి వేళ్లు పైపైనే పాకుతాయి, చెట్ల మొదళ్ల దగ్గర గునపం వెయ్యనివ్వకు. నిప్పు అసలే వద్దు. మార్చిలో పిక్కలు రాలే నాటికి నేల కనబడితే చాలు.

ఇక నా భయం చెప్తాను. ఎలుగు.

మీ నాన్న అప్పటికి బడికి కూడా వెళ్లడం లేదు. పుష్యమాసం. తూర్పు గట్టున చెదపుట్ట తవ్వేసి ఉందనీ, పక్కనే రేగు గింజలతో నిండిన పెంట పడి ఉందనీ కూలీలు ముందురోజే చెప్పారు. "వచ్చి పోయుంటుందిలే" అన్నాడు మీ తాతయ్య. చలికాలమే ఎలుగు పిల్లల్ని పెట్టే కాలమని ఆయనకు తెలియక కాదు. పని సాగాలన్న ఆత్రం. మర్నాడు తెల్లవారకముందే, మంచులో, ఒక్కడే వెళ్లాడు. చప్పుడు లేకుండా, నడుం వంచి, మొగలి పొద కింద కంప కోసుకుంటూ పోయాడు. దూరాన్నుంచి అలికిడి వింటే ఎలుగు దాదాపుగా తప్పుకునే పోతుంది. పిల్లల్ని పెట్టుకున్న తల్లికి నాలుగడుగుల్లో మనిషి తల ఎదురైతే ఏం చేస్తుంది? మొహం మీదికే దూకింది.

నేను పరుగెత్తి వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని, తువ్వాలుతో తల అదిమి పట్టుకున్నాడు. "తమ్ముణ్ణి ఇటు రానివ్వకు" అన్నాడు, అంతే. కుడికన్ను పోయింది. మీ హాల్లో ఉన్న ఫోటోలో తలపాగా కుడివైపు బాగా కిందికి దించి ఉంటుందే, అది షోకు కాదమ్మా. చిన్నప్పుడు నువ్వు "తాత హీరోలా ఉన్నాడు" అన్నావు. ఎవరం నోరెత్తలేదు.

అందుకే చెప్తున్నా, విను. తొమ్మిది దాటి ఎండ పడ్డాకే లోపలికి, నాలుగు కొట్టకముందే బయటికి. ఒంటరిగా ఒక్క అడుగు కూడా వేయొద్దు. చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను! గట్టిగా మాట్లాడుకుంటూ, రేకు డబ్బా మోగిస్తూ ఉండండి. రోడ్డు వైపు నుంచి కొట్టుకుంటూ వెళ్లండి, లోపలున్నది వెళ్లిపోవడానికి కొండ వైపు దారి వదలండి. కుక్కను తీసుకెళ్లొద్దు, అది ఎలుగును రెచ్చగొట్టి మళ్లీ నీ కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. పిల్లలు కనబడితే ఫోటోలు వద్దు, వచ్చిన దారినే వెనక్కి వచ్చి ఫారెస్టు వాళ్లకు కబురు చెయ్యి. మీదికే వస్తే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు ముడేసుకో. ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతోంది గానీ, రాయకుండా ఉండలేను.

తూర్పు గట్టు జోలికి నేను వచ్చేదాకా వెళ్లకు. నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. గట్టు మీద ఒక కుర్చీ వేయించు, డబ్బా నేను మోగిస్తాను. పెద్దమ్మ పాత చొక్కాలు నాలుగు మూట కట్టింది, కంపలో మంచి బట్టలు చింపుకోకు.

మీ పెదనాన్న