కరుణకు, బైబిలు కొనబోయే ముందు

ప్రియమైన కరుణకు, ప్రభువైన యేసుక్రీస్తు నామమున శుభములు.

నీ హాస్టల్ గదిలో ఉంటున్న అమ్మాయి తండ్రి పోయిన దగ్గర నుంచి నిద్రాహారాలు మాని కుమిలిపోతోందని, తనకొక బైబిలు కావాలని నిన్ను అడిగిందని, జీతం రాగానే తోలు అట్ట, బంగారు అంచులు, జిప్పు కవరు ఉన్న పెద్ద బైబిలు కొని ఇవ్వాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దుఃఖంలో ఉన్న పిల్ల అంతమందిలో నిన్ను నమ్మి అడిగిందని వినగానే నా కళ్లు చెమర్చాయి. కానీ ఆ తోలు అట్ట మాట విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఇంకా ఆరు నెలలు నిండని ఉద్యోగంలో అంత డబ్బు పెట్టి పుస్తకం కొంటే హాస్టల్ ఫీజు ఎవరు కడతారు? అయితే నేను వద్దంటున్నది నీ డబ్బు కోసం మాత్రమే కాదు, ఆ అమ్మాయి కోసం.

మీ తాతగారు, అంటే మా నాన్నగారు, చీరాల దగ్గర మిషన్ బడిలో పంతులుగా ఉన్న రోజుల్లో మా వీధిలో ఆయనకొక నేతపని చేసే మిత్రుడు ఉండేవాడు. మగ్గం పని సాగక అప్పులపాలైన ఏడాదే ఆ మిత్రుడు తన కొడుకును కూడా పోగొట్టుకున్నాడు. రాత్రిళ్లు మా అరుగు మీద కూర్చుని, నాన్నగారు కీర్తనలు చదువుతుంటే వినేవాడు. ఒకనాడు, నాకూ ఒకటి ఉంటే ఇంట్లో చదువుకుంటాను కదా పంతులుగారూ అన్నాడు. నాన్నగారి ప్రేమకు హద్దు ఉండేది కాదు. జీతం మీద అడ్వాన్సు తీసుకుని, గుంటూరు వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా మంచి బైబిలు తెచ్చి, మొదటి పేజీలో అందమైన అక్షరాలతో ఆశీర్వాద వాక్యాలు రాసి, నలుగురి ఎదుట ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని కళ్లకు అద్దుకుని, కొత్త తువ్వాలులో చుట్టి, బీరువాలో పెట్టాడు. ఆ పైన అది బయటికి రాలేదు. ఆయన చేతులకు ఎప్పుడూ రంగు అంటి ఉండేది, ఆ పలుచని తెల్ల కాగితాన్ని ముట్టుకోవడానికి భయపడేవాడు. అక్షరాలు మరీ సన్నం, కిరసనాయిలు దీపం వెలుగులో ఆయన కళ్లకు ఆనేవి కావు. ఇవన్నీ ఎలాగో సర్దుకునేవేమో గాని, నాన్నగారు అడ్వాన్సు తీసుకున్న సంగతి ఊళ్లో తెలిసిపోయింది. అప్పులవాళ్లకు ముఖం చాటేసుకు తిరుగుతున్న మనిషికి ఆ బైబిలు ఇంకొక బాకీ అయింది. మెల్లగా మా అరుగు ఎక్కడం మానేశాడు. బజారులో నాన్నగారు ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవాడు. నాన్నగారు ఎంత బాధపడ్డారంటే, తన మాటల్లో ఎక్కడ పొరపాటు దొర్లిందోనని రోజూ అమ్మను అడిగేవారు.

చివరికి గుడి తరఫున ఇళ్లకు వచ్చి బైబిలు చదివి వినిపించే బైబిల్ స్త్రీ ఒకామె, తన సంచిలోని మార్కు సువార్త, అంటే యేసు జీవితం చెప్పే చిన్న పుస్తకం, కొన్ని నయాపైసలు విలువ చేసేది, ఆయన మగ్గం పక్కన పెట్టి వెళ్లింది. దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. రంగు అంటిన వేళ్లతోనే పేజీలు తిప్పాడు. అర్థం కాని చోట గీత గీసి, అడగడానికి మళ్లీ మా అరుగు ఎక్కాడు. అప్పుడు నాన్నగారు ఆయనను పట్టుకుని ఏడ్వడం నేను చూశాను.

అందుకే తల్లీ, ఆ అమ్మాయి దిండు కింద పెట్టుకోగలిగేది, కన్నీళ్లు పడినా ఫరవాలేదనిపించేది, పెన్సిలుతో గీసుకోగలిగేది కొను. సికింద్రాబాదులో బైబిల్ హౌస్ దగ్గర బైబిల్ సొసైటీ వారి దుకాణం ఉంది. విశ్వాసుల కానుకల వల్లనే వాళ్లు ధర తగ్గించి అమ్మగలుగుతున్నారు కనుక, తక్కువ ధరది అడగడానికి సిగ్గుపడవద్దు. మామూలు అట్టది చాలు, కానీ అక్షరాలు పెద్దవిగా ఉన్నాయో లేదో విప్పి చూడు. అదీ భారమైతే బైబిళ్లు పంచే క్రైస్తవ సంఘం గిడియన్లు బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధన ఉచితంగా ఇస్తారు, వాటిలో చాలావాటికి కీర్తనలు, సామెతలు కూడా కలిపి ఉంటాయి. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరుసలో దొరికినా తప్పులేదు, మొదట వచ్చే ఆదికాండము మొదటి పేజీలు, ఆఖరున వచ్చే ప్రకటన గ్రంథం చివరి పేజీలు ఊడిపోలేదని మాత్రం చూసుకో.

కొనేముందు ఆమెను రెండు విషయాలు అడుగు. చిన్నప్పుడు అమ్మమ్మతో గుడికి వెళ్లేదని అన్నావు. అది కథోలిక గుడి అయితే వారి బైబిలులో 73 పుస్తకాలు ఉంటాయి, మన ప్రొటెస్టెంటు బైబిలులో 66 ఉంటాయి. ఆమె చెవిలో మిగిలిన గ్రంథమే ఆమెకు ఇవ్వు. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్ల అయితే వాడుక భాషలో ఉన్న అనువాదం గాని, తెలుగు ఇంగ్లీషు పక్కపక్కన ఉన్నది గాని చూడు. కళ్లు నిలవని రాత్రుల్లో వినడానికి ఫోనులో తెలుగు ఆడియో బైబిలు డబ్బు లేకుండానే దొరుకుతుంది.

మొదటి పేజీలో తేదీ తప్ప మరేమీ రాయవద్దు. మొదటి నుంచి చదవమని పంపితే నియమాలతో నిండిన లేవీయకాండములో ఆగిపోతుంది. దుఃఖంలో మొరపెట్టే 13, 42, 88 కీర్తనల దగ్గర కాగితం ముక్కలు పెట్టి ఇవ్వు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ రాదు. అలాంటి మొర కూడా గ్రంథంలో ఉందని ఆమెకు తెలియాలి. ఆమె దుఃఖాన్ని ఆసరాగా తీసుకుని గుడికి రమ్మని, బాప్తిస్మం పొందమని ఒక్క మాట కూడా అనకు. ఆమె బైబిలు అడిగింది, నీవు బైబిలు ఇస్తున్నావు, అంతవరకే.

ఇక నర్సుగా పనిచేసిన నా భయం చెబుతాను, దీన్ని తేలికగా తీసుకోకు. ప్రార్థన చేస్తున్నాం కదా అని మాత్రలు మానేసి వార్డుకు తిరిగి వచ్చినవారిని నేను చూశాను. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడు. చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. కనుక బైబిలు చేతిలో పెట్టి నీ పని అయిపోయిందనుకోకుండా ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లు. 14416 మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ ఫోను నంబరు, ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే రహస్యంగా దాచకు, ఒంటరిగా వదలకు, వార్డెనుకు, వాళ్ల అమ్మకు ఆ క్షణమే చెప్పు. కోప్పడినా పడనీ.

నీవు కూడా వేళకు తిను. ఆమె ఏడుపు విని విని నీవు కుంగిపోతే నాకు ఫోను చెయ్యి, నిద్ర చెడుతుందని మొహమాటపడకు. మీ అన్నయ్య చేత కొంత డబ్బు నీ ఫోనుకు వేయిస్తున్నాను. అది బైబిలుకు కాదు, అది నీ చేతి డబ్బుతోనే కొనాలి. ఆదివారం ఇద్దరూ బస్సులో వెళ్లి, ఆమె చేతనే ఎంపిక చేయించి, ఎక్కడైనా వేడి అన్నం తిని రండి. ఏ సైజు అక్షరాలు ఆమెకు నచ్చాయో నాకు రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ