పాత చీటీకి నిద్ర గోలీలు ఎందుకివ్వరు?

మీ అమ్మగారు రోజూ వేసుకునే నిద్ర గోలీ ఆల్ప్రాజోలం, డాక్టర్ రాసిన పాత చీటీ మీద మందుల షాపులో ఇవ్వనన్నారని, అందరినీ దొంగల్లా చూస్తున్నారని రాశారు. నేను తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఫార్మసిస్టుగా ఏళ్ల తరబడి కౌంటర్‌లో ఉన్నాను. మీ చిరాకు న్యాయమే గానీ, ఆ షాపువాళ్లు చేసింది కూడా సరైనదే.

ఆల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటి నిద్ర మందులు, ట్రామడాల్, కొడీన్ లాంటి నొప్పి మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, అంటే గట్టి లెక్కతో అమ్మాల్సిన మందుల జాబితాలో. 2014 మార్చి నుంచి వీటిని అమ్మినప్పుడల్లా రోగి పేరు, డాక్టర్ పేరు, చిరునామా, ఎన్ని ఇచ్చామన్నది వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే మందు.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 10 అని రాసిన చీటీ మా దగ్గరికొచ్చేసరికి 30 అయ్యేది. సున్నా ఒక ఇంకు, మూడు ఇంకో ఇంకు! తాత నడుం నొప్పికి రాసిన ట్రామడాల్ చీటీ పట్టుకుని మనవడు ఊళ్లో షాపులన్నీ తిరిగేవాడు. జిమ్ కుర్రాళ్లు హుషారు కోసం మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ అడిగేవాళ్లు. ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోతే ఇచ్చే మందది, దానికి చీటీ ఎక్కడిది? వీళ్లను పట్టుకోవడం తేలికే. ఇంట్లో టీవీ పక్కన డబ్బాలోంచి రోజుకో గోలీ మాయమైతే మాత్రం మాకెలా తెలుస్తుంది? "అమ్మ గోలీలు ఈసారి తొందరగా అయిపోయాయి" అని వచ్చినవాళ్లను ఒకటికి రెండుసార్లు అడిగేది అందుకే.

మా వైపు కల్లులో మత్తు కోసం ఇదే ఆల్ప్రాజోలం కలుపుతారు. ఆ పొడి చాలావరకు దొంగచాటుగా తయారయ్యేదే, షాపుల సరుకు కాదు. కల్తీ కల్లు ఒక్కసారిగా దొరక్కపోతే తాగేవాళ్లకు చేతులు వణుకుతాయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడతారు, ఫిట్స్ కూడా వస్తాయి. రోజూ గోలీ వేసుకునేవాళ్లు ఠక్కున మానేసినా అంతే. కాబట్టి "ఇవ్వకపోతే మానేద్దాంలే" అనుకోకండి.

ఉన్న గోలీలు అయిపోకముందే డాక్టర్‌ను కలవండి. ఎన్ని రోజులకు, ఎన్నిసార్లు ఇవ్వొచ్చో చీటీలోనే రాయమనండి. మోతాదు మెల్లగా తగ్గించొచ్చేమో కూడా అడగండి, పెద్దవాళ్లు ఈ మందుతో తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. షీట్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి. పక్కింటావిడ నిద్ర పట్టట్లేదని ఒకటి అడిగినా ఇవ్వొద్దు.